అడిగింది 80 ఎకరాలు, ఇచ్చింది 100: తొలి భూదాత రామచంద్రారెడ్డి

జహీరాబాద్: పట్టా చేతికి వచ్చినా ఆ భూమిలో నాగలి దిగకపోతే ఆ కుటుంబం మళ్లీ కూలికి పోక తప్పదు. ఈ సంగతి మన ప్రాంతపు రైతులకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. భూమి ఇవ్వడం వేరు, పండే భూమి ఇవ్వడం వేరు. ఆ తేడా తెలిసి ఇచ్చిన వారిలో మొదట చెప్పుకోవలసిన పేరు శ్రీ వెదిరె రామచంద్రారెడ్డిది. హైదరాబాదుకు పడమట మన జహీరాబాద్ ఉంటే, తూర్పున ఆయన ఊరు పోచంపల్లి ఉంది. నాడు నల్లగొండ జిల్లాలో ఉన్న ఆ ఊరు 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది.

రామచంద్రారెడ్డి 1905లో భూస్వామి కుటుంబంలో జన్మించారు. ఆయన పెరిగిన కాలం నిజాం పాలన కాలం. పల్లెల్లో దేశ్‌ముఖ్‌ల పెత్తనం, వెట్టిచాకిరీ సాగుతుండేవి. 1946లో సాయుధ పోరాటం మొదలైంది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాం పాలన ముగిసినా నల్లగొండ పల్లెలు చల్లబడలేదు. పగలు పోలీసులు, రాత్రి దళాలు వచ్చిపోయేవి. భూస్వాములు చాలామంది ఊళ్లు వదిలి పట్నం చేరారు. దున్నేవాడికి భూమి కావాలన్న అసలు ప్రశ్న మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

ఇలాంటి సమయంలో 1951 ఏప్రిల్‌లో హైదరాబాదు దగ్గరి శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. ఆచార్య వినోబా భావే వార్ధా ప్రాంతం నుంచి కాలినడకన దానికి వచ్చారు. సమ్మేళనం ముగిశాక తిరిగి వెళ్లిపోకుండా, కల్లోలంగా ఉన్న నల్లగొండ పల్లెలను చూడాలని మళ్లీ నడక సాగించారు. ఏప్రిల్ 18న పోచంపల్లి చేరుకున్నారు.

నూరెకరాల మాట

నాడు హరిజనవాడగా పిలిచే దళితవాడకు వినోబా వెళ్లారు. అక్కడి 40 కుటుంబాల వారు తమకు పని లేదని, భూమి ఉంటే చేసుకుని బతుకుతామని మొర పెట్టుకున్నారు. ఎంత కావాలని అడిగితే 80 ఎకరాలు చాలునన్నారు. అందులో 40 తరి, 40 ఖుష్కి. అంటే కుటుంబానికి రెండెకరాలు మాత్రమే. సర్కారుకు రాసి చూస్తానని వినోబా మొదట అన్నారు. అయితే సర్కారు భూమి ఎప్పటికి వచ్చేను? ఊళ్లో వారెవరైనా ఇవ్వగలరా అని అక్కడ చేరిన వారినే అడిగారు.

అప్పుడు రామచంద్రారెడ్డి లేచి నిలబడ్డారు. తమ భూమిలో కొంత పేదలకు ఇవ్వాలన్నది కన్నుమూసిన తమ తండ్రి కోరిక అని చెప్పి, తమ తరఫున, సోదరుల తరఫున 100 ఎకరాలు ఇస్తామన్నారు. అందులో 50 ఎకరాలు తరి, 50 ఎకరాలు ఖుష్కి. అడిగిన దానికంటే 20 ఎకరాలు ఎక్కువ. దేశంలో భూదానోద్యమం అలా మొదలైంది.

ఇక్కడ రైతులు గమనించవలసింది ఆ 50 ఎకరాల తరి. వానను నమ్ముకున్న ఖుష్కి భూమి ఒక ఏడు పండితే ఒక ఏడు పండదు. నీటి ఆధారం ఉన్న తరి భూమిలో వరి పండుతుంది, ఇంట్లో గింజ ఉంటుంది. అలాంటి భూమిని ఎవరూ తేలికగా వదులుకోరు. భయంతోనే ఇచ్చారని, పోరాటాన్ని చల్లార్చడానికే భూదానం పుట్టిందని విమర్శించిన వారు అప్పుడూ ఉన్నారు, తర్వాతా ఉన్నారు. పోరాటం వేడి లేకుంటే ఆ ప్రశ్న ఊరి నడుమకు వచ్చేదే కాదన్న మాటలోనూ నిజం ఉంది. కాని భయపడినవాడు పనికిరాని భూమి ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు. రామచంద్రారెడ్డి అలా చేయలేదు.

ఆ తర్వాత

వినోబా 51 రోజులు తెలంగాణ పల్లెల్లో తిరిగి సుమారు 12 వేల ఎకరాలు సేకరించారు. పిమ్మట 13 ఏళ్లకు పైగా దేశమంతా నడిచారు. దానపత్రాల లెక్క 40 లక్షల ఎకరాలు దాటింది. రామచంద్రారెడ్డి కూడా ఒక్క దానంతో ఆగక మరికొంత భూమి ఇచ్చి, సర్వోదయ సేవలో కొనసాగారు. జనం ఆయనను భూదాన్ రామచంద్రారెడ్డిగానే పిలిచారు.

అయితే దేశంలో దాతలందరూ ఆయన వంటి వారు కారు. కొందరు రాళ్ల భూములు ఇచ్చారు. కొందరు కోర్టు తగాదాల్లో ఉన్నవి రాసిచ్చారు. మరికొందరు ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కు తీసుకున్నారు. దానంగా వచ్చిన భూమిలో చాలా భాగం పేదలకు చేరనే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1965లో భూదాన, గ్రామదాన చట్టం వచ్చింది. భూదాన భూమిని సాగు చేసుకోవాలే తప్ప అమ్ముకోరాదన్నది నియమం. అయినా హైదరాబాదు చుట్టుపక్కల ధరలు పెరిగాక భూదాన భూములు చేతులు మారాయన్న వివాదాలు ఎన్నో కోర్టులకు ఎక్కాయి.

వినోబా 1982లో, రామచంద్రారెడ్డి 1986లో కన్నుమూశారు. ఇక్కత్ చీరలకు పేరుపడ్డ ఆ ఊరు నేడు భూదాన్ పోచంపల్లి. దాత పని ఊరి పేరులోనే నిలిచిపోయింది.

మన వైపు చూస్తే, పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు, పనికిరావని వదిలేసిన ఎర్ర నేలల్లో రాళ్లు ఏరి, గట్లు వేసి జొన్న, కంది, కొర్ర పండించారు. పట్టా కాగితానికి, పండిన గింజకు మధ్య ఎంత చాకిరీ ఉంటుందో వారికి తెలుసు. పోచంపల్లిలో ఆ చాకిరీ భారం పూర్తిగా పేదల మీద పడకుండా దాతే ముందుగా ఆలోచించారు. భూదాన భూములను సర్వే చేయించి, అర్హులైన పేదల సాగులోనే ఉండేట్టు చూడటం అధికారుల బాధ్యత. తొలి భూదాతకు చేయగల మర్యాద అదే.