రాజపాళయం కుమారస్వామి రాజా గారు

ఉద్యోగాల నిమిత్తం, వ్యాపారాల నిమిత్తం ఆంధ్రదేశం నుండి యీ ఊరు చేరిన మనబోటి కుటుంబాలకు వచ్చిన కొద్ది రోజులలోనే ఒక ఆశ్చర్యం కలుగుతుంది. బజారులో తమిళం మాట్లాడిన పెద్దమనిషే తన యింటి అరుగు మీద తెలుగు మాట్లాడుతాడు. అది అచ్చం మన తెలుగు వలె ఉండదు. కొన్ని మాటల వద్ద మనం కాసేపు ఆగి ఆలోచించవలసి వస్తుంది. విజయనగర కాలంలో తరలివచ్చినవారుగా చెప్పుకొనే యిక్కడి రాజుల యింటి భాష అది. అటువంటి యింట పుట్టి, ఉమ్మడి మదరాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన పూసపాటి సంజీవి కుమారస్వామి రాజా గారిని ఉగాది నాడు స్మరించుకొనడం ఉచితమని తలచి యీ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

వారు 1898లో రాజపాళయంలో జన్మించారు. పురిటి దినాలలోనే తల్లి గతించారు. ఊహ తెలియకముందే తండ్రి కూడా పోయారు. పెంచి పెద్దచేసినది అవ్వగారు. పూసపాటి అనగానే మనకు విజయనగరం సంస్థానం గుర్తుకు వస్తుంది. ఇంటిపేరు అదేగాని, వీరు కోటలో పెరిగినవారు కారు. సేద్యం, వాన, చెరువు యివే లోకమైన ఊరిలో పెరిగి, పంచాయతీ పనులతో ప్రజాసేవకు దిగినవారు. గాంధీజీ ప్రభావం వలన ఖద్దరు కట్టారు, అస్పృశ్యతా నివారణకు పాటుపడ్డారు, చెరసాలకూ వెళ్లారు. 1934లో ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు ఎన్నికైనారు. 1946లో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో చేరారు.

1949 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వ పగ్గాలు వారి చేతికి వచ్చాయి. అప్పటి మదరాసు రాష్ట్రమంటే సామాన్యమా? ఉత్తరాన శ్రీకాకుళం నుండి దక్షిణాన తిరునెల్వేలి వరకు, పడమట మలబారు, దక్షిణ కన్నడం కూడా అందులోనివే. నాలుగు భాషల ప్రజలు.

ఆ యేడు చివరలోనే ఆంధ్ర రాష్ట్ర విభజన వివరాలు తేల్చడానికి ఒక సంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షులు కుమారస్వామి రాజా గారే. పాఠకులు ఒక్క నిమిషం ఆలోచించాలి. యింట మాట్లాడేది తెలుగు, వోటు వేసి పంపినది తమిళ సీమ. ఎదుట కూర్చున్నది మదరాసు నగరం విషయంలో పట్టు విడువని ప్రకాశం పంతులు గారు. పంతులు గారు తమ అసమ్మతిని విడిగా వ్రాసి యిచ్చారు, కార్యం అక్కడే నిలిచిపోయింది. పొట్టి శ్రీరాములు గారి ఆత్మార్పణ తరువాత, 1953 అక్టోబరు 1న గాని ఆంధ్ర రాష్ట్రం అవతరించలేదు. మదరాసు అందులో లేదు. రాజా గారు తెలుగువారా, తమిళులా అని అడగడమే మాకు న్యాయంగా తోచదు. వారు రెండూను. యిక్కడే పుట్టి యిక్కడి బడిలో చదువుతున్న మన పిల్లలను కూడా ఏదో ఒకనాడు ఎవరో ఒకరు ఆ ప్రశ్న వేయకపోరు.

వారి ఏలుబడి తిండికి కటకటలాడిన కాలం. వానలు మొగం చాటేశాయి, బియ్యం రేషను మీద నడిచింది. రైలు గుమాస్తాగిరీ చేసే మాకు యీ సంగతి కొంచెం ఎక్కువగా బోధపడుతుంది. ధాన్యం వ్యాగను రెండు రోజులు ఆలస్యమైతే ఊరిలో యెంత గోల పుడుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఆకలి గొన్నవాడు మంత్రి మంచివాడా కాదా అని చూడడు. 1952 ఎన్నికలలో 375 స్థానాలకు కాంగ్రెసుకు దక్కినవి 152. ముఖ్యమంత్రి గారే తమ సొంత సీమ శ్రీవిల్లిపుత్తూరులో ఓడిపోయారు. రాజాజీ గారు వచ్చి ప్రభుత్వం ఏర్పాటు చేశారు.

1954లో వారిని ఒరిస్సాకు గవర్నరుగా పంపారు. 1956 వరకు ఆ పదవిలో ఉండి, 1957 మార్చిలో కన్నుమూశారు. రాజపాళయంలోని తమ సొంత యింటిని మాత్రం కళల పోషణకని ఊరికి యిచ్చివేశారు. దానికి పెట్టిన పేరు గాంధీ కలై మండ్రం. కలై అంటే కళయే, పిల్లలకు చెప్పండి.