బగ్దాద్ కొలువు వదిలిన ఇమామ్

హిజ్రీ శకం 488, రజబ్ మాసం. అంటే క్రీ.శ. 1095 జులై. బగ్దాద్‌లోని నిజామియా మదరసాలో ప్రధాన ఆచార్యుల నాలుక పనిచేయడం మానేసింది. ఎదుట కూర్చున్న విద్యార్థుల తృప్తి కోసమైనా ఒక్క రోజు పాఠం చెబుదామని ఎంత ప్రయత్నించినా ఒక్క మాట పెగల్లేదు. తిండి సహించలేదు, గుటకెడు నీరు కూడా అరగలేదు. వైద్యులు వచ్చి చూశారు. ఇది మనసులో పుట్టి శరీరానికి పాకిన జబ్బనీ, మనసు కుదుటపడితే తప్ప తమ మందులు పనిచేయవనీ తేల్చి వెళ్ళిపోయారు.

ఆ ఆచార్యులే ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ (రహ్మ).

మనలో ఉద్యోగం మానేయాలనుకునేవారి కారణాలు మనకు తెలిసినవే. జీతం చాలదనో, పై అధికారితో పొసగదనో, దుబాయి వీసా వచ్చిందనో మానేస్తుంటాం. ఇమామ్ గారికి వీటిలో ఏ ఒక్కటీ లేదు. ఆయన కొలువు ఆనాటి ముస్లిం ప్రపంచంలో ఒక విద్వాంసునికి దక్కగల అత్యున్నత పదవుల్లో ఒకటి. తరగతిలో మూడువందల మంది విద్యార్థులుండేవారని ఆయనే రాసుకున్నారు. ఆయన బగ్దాద్‌లో అడుగుపెట్టినప్పుడు ఒంటిమీది దుస్తులకూ ఎక్కివచ్చిన వాహనానికీ వెలకడితే 500 దీనార్లు తేలిందని చరిత్రకారులు ఇబ్నుల్ జౌజీ నమోదు చేశారు.

ఆ స్థాయి ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. 1058లో ఖొరాసాన్ ప్రాంతంలోని తూస్‌లో ఒక సామాన్య కుటుంబంలో జన్మించారు. తండ్రి ఉన్ని వడికి అమ్ముకుని బతికేవారని చెబుతారు. ఆయన చనిపోతూ ఇద్దరు కొడుకులను, కాస్త సొమ్మును ఒక సూఫీ మిత్రుని చేతిలో పెట్టారు. ఆ సొమ్ము అయిపోయాక, తిండీ వసతీ దొరుకుతాయని అన్నదమ్ములిద్దరూ మదరసాలో చేరారు. ఆ తర్వాత నీషాపూర్ వెళ్ళి, ఇమాముల్ హరమైన్‌గా పేరొందిన జువైనీ (రహ్మ) శిష్యరికం చేశారు. 1085లో గురువు మరణించాక సెల్జూక్ సామ్రాజ్య వజీరు నిజాముల్ ముల్క్ కొలువుకు చేరారు. అక్కడి విద్వాంసులను వాదాల్లో ఓడించి మెప్పించారు. 1091లో వజీరు ఆయన్ను బగ్దాద్ పంపారు. అప్పటికి ఆయన వయసు 33 ఏళ్ళు.

మరి అలాంటి కొలువు ఎందుకు వదిలారు? రాజకీయ భయమే కారణమనేవారు ఉన్నారు. 1092లో నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యారు. కొద్ది వారాలకే సుల్తాన్ మలిక్ షా చనిపోయారు. సింహాసనం కోసం తగవులు మొదలయ్యాయి. బాతినీలను ఖండిస్తూ ఖలీఫా కోరికపై ఇమామ్ గారు ఒక గ్రంథం కూడా రాసి ఉన్నారు. ఈ భయం అసలు లేదని మనం అనలేం. కానీ 'అల్ మున్‌ఖిజ్' అనే తన గ్రంథంలో ఆయన ఎవరి మీదా నింద వేయలేదు. తప్పు తనలోనే ఉందని ఒప్పుకున్నారు. తాను బోధిస్తున్నది దైవప్రసన్నత కోసం కాదనీ, పేరుప్రతిష్ఠల కోసమనీ గ్రహించారు. ఇలా రాయడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

దాదాపు ఆరు నెలలు ఆయన ఊగిసలాడారు. ఉదయం వెళ్ళిపోదామనుకుంటే సాయంత్రానికి ఆ నిర్ణయం కరిగిపోయేది. ఈ స్థితి మనలో చాలామంది ఎరిగినదే. చివరకు మాట కూడా పడిపోయాక ఆయన అల్లాహ్‌నే శరణువేడారు.

వెళ్ళిన తీరు కూడా చెప్పుకోదగ్గది. మక్కా వెళుతున్నానని అందరికీ చెప్పారు, మనసులో ఉన్నది మాత్రం సిరియా. ఖలీఫా, మిత్రులు ఆపుతారన్న జంకుతోనే అలా చెప్పారు. ఉన్న ధనాన్ని పంచిపెట్టారు. కానీ తనకు, తన పిల్లలకు సరిపడా ఉంచుకున్నారు. ఇమామ్ గారి కథ చెప్పేవారు ఈ చివరి సంగతి తరచు వదిలేస్తారు. తమ్ముడు అహ్మద్ గజాలీ మదరసాలో పాఠాలు అందుకున్నారు.

డమాస్కస్‌లో పెద్ద మసీదు మినారు ఎక్కి, తలుపు వేసుకుని పగలంతా ఆరాధనలో గడిపేవారు. అక్కణ్ణుంచి బైతుల్ మఖ్దిస్ వెళ్ళారు. హెబ్రోన్‌లో హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలామ్) సమాధి దగ్గర మూడు ప్రతినలు పూనారు. ఇకపై ఏ పాలకుని దర్బారుకూ వెళ్ళకూడదు, పాలకుల సొమ్ము ముట్టకూడదు, గెలుపు కోసం వాదాలు చేయకూడదు. తర్వాత హజ్ చేశారు. పిల్లల పిలుపు మనసును లాగడంతో స్వస్థలానికి తిరిగివచ్చానని కూడా ఆయనే రాశారు. 'ఇహ్యా ఉలూమిద్దీన్' ఈ ఏకాంత కాలపు ఫలమే. అందులో 40 భాగాలు ఉన్నాయి.

ఉర్దూలో ఆయన జీవితచరిత్ర రాసిన అల్లామా షిబ్లీ నోమానీ కూడా 1898లో అలీగఢ్ కాలేజీ కొలువు వదులుకున్నవారే. తర్వాత హైదరాబాద్‌లో విద్యాశాఖ కొలువులో ఉండగా ఆ పుస్తకం రాశారు.

ఏకాంతం మొదలై 11 హిజ్రీ సంవత్సరాలు గడిచాక, 1106లో, నిజాముల్ ముల్క్ కుమారుడు, వజీరు ఫఖ్రుల్ ముల్క్ ఆయన్ను నీషాపూర్ నిజామియాలో బోధించమని గట్టిగా పిలిచారు. పాలకులకు దూరంగా ఉంటానన్న ప్రతినకు ఇది విరుద్ధమని మనకు తోచవచ్చు. ఆయనకూ తోచే ఉంటుంది, అందుకే పుణ్యపురుషులను సంప్రదించారు. తాను మూల కూర్చోవడం సోమరితనమూ సుఖాపేక్షా అయిపోతుందేమోనన్న శంకే చివరకు ఆయన్ను కదిలించింది. వెళ్ళి బోధించారు. కానీ ఎక్కువకాలం ఉండలేదు. తూస్ తిరిగివచ్చి ఇంటి పక్కనే ఒక మదరసా, సూఫీలకు ఒక ఖాన్‌ఖాహ్ నడిపారు. బగ్దాద్ నుంచి పాత కొలువు మళ్ళీ రమ్మంటే మాత్రం వెళ్ళలేదు.

1111 డిసెంబరులో ఒక సోమవారం ఉదయం వుజూ చేసి నమాజు చదివారు. తన కఫన్ తెప్పించుకుని ముద్దాడి కళ్ళకు అద్దుకున్నారనీ, కాళ్ళు చాపి ఖిబ్లా వైపు తిరిగి పడుకున్నారనీ తమ్ముడు అహ్మద్ చెప్పారు. తెల్లగా తెల్లవారకముందే ఆయన ప్రాణం పోయింది.