చేతులతో ఊపిరి అందించిన డాక్టర్

నేడు ప్రతి పెద్ద ఆసుపత్రిలో కనిపించే ఐ.సి.యు. వార్డుకు పునాది వేసిన వారిలో మొదట చెప్పుకోవలసిన పేరు డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్. ఆయన 1915లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో జన్మించారు. 1940లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. తర్వాత అమెరికాలోని బోస్టన్‌కు వెళ్ళి మత్తు వైద్యంలో శిక్షణ పొంది వచ్చారు. ఆ రోజుల్లో మత్తు డాక్టరుకు ఆపరేషన్ గది బయట పెద్దగా పని ఉండేది కాదు.

1952లో ఆ నగరంలో పోలియో విజృంభించింది. బ్లెగ్‌డామ్ అంటువ్యాధుల ఆసుపత్రికి రోజుకు యాభై మంది దాకా రోగులు రాసాగారు. ఊపిరి తీసే కండరాలు చచ్చుబడినవారి కోసం అక్కడ ఉన్న యంత్రాలు ఏడే. మొదటి మూడు వారాల్లో యంత్రాలపై ఉంచిన 31 మందిలో 27 మంది మరణించారు. అప్పుడు పెద్ద డాక్టరు లాసెన్, తన సహచరుని సలహా విని, ఇబ్సెన్‌ను పిలిపించారు. అంతటి హోదాలో ఉన్నవారు వేరే శాఖకు చెందిన, తమకంటే చిన్నవాడైన డాక్టరును సలహా అడగడం మామూలు విషయం కాదు.

మృతుల ఊపిరితిత్తులను ఇబ్సెన్ పరిశీలించారు. అవి ప్రాణం పోయేంతగా చెడిపోలేదు. గాలి చాలక ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడం వల్లే వీరు చనిపోతున్నారని ఆయన నిర్ణయానికి వచ్చారు. రక్త పరీక్షను బట్టి ఇతర డాక్టర్లు అనుకున్నది వేరు.

ఆగస్టు 27న పన్నెండేళ్ళ బాలికను ఆయనకు అప్పగించారు. కాళ్ళూ చేతులూ పడిపోయాయి, ఒళ్ళు నీలిరంగుకు తిరిగింది. గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చారు. రబ్బరు సంచి నొక్కితే గాలి లోపలికి పోవడం లేదు, పిల్ల గిలగిలలాడుతోంది. ఇక లాభం లేదనుకుని చూస్తున్నవారు కొందరు వెళ్ళిపోయారు. ఇబ్సెన్ మత్తుమందు ఇచ్చారు. పెనుగులాట ఆగింది, గాలి లోపలికి వెళ్ళింది. ఆ అమ్మాయి బతికింది.

ఇక ఇదే పద్ధతిని రోగులందరికీ అమలు చేయాలి. చేయడానికి మనుషులేరీ? సుమారు 1500 మంది విద్యార్థులు ముందుకు వచ్చారు. వంతులవారీగా పడక పక్కన కూర్చొని, రాత్రింబవళ్ళు చేత్తో సంచి నొక్కారు. ఒక దశలో ఏకంగా 70 మందికి ఇలా ఊపిరి అందించారు. అంతకు ముందు ఇలాంటి రోగులు నూటికి ఎనభై మందికి పైగా చనిపోయేవారు. చివరికి ఆ సంఖ్య ఇరవై ఐదుకు దగ్గరైంది.

1953 డిసెంబరులో కోపెన్‌హాగెన్ మునిసిపల్ ఆసుపత్రిలో ఆయన ప్రమాద స్థితిలోని రోగులకు ప్రత్యేక వార్డు తెరిచారు. పోలియో వచ్చినవారికే కాక, ఏ కారణంగానైనా ఊపిరి అందని వారికి అక్కడ చికిత్స జరిగింది. ఇబ్సెన్ 2007లో 91 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.