నీలి అట్ట పుస్తకం రాసిన పంతులు

తెలుగు మీడియంలో చదివిన మనందరికీ ఒక అనుభవం ఉమ్మడి. గుణింతం వచ్చాక తెలుగులో ఏ మాటనైనా విన్నది విన్నట్టు రాసేయొచ్చు. ఇంగ్లీషులో ఆ ధైర్యం పనికిరాదు. బి యు టి బట్ అయితే పి యు టి పుట్ ఎందుకైంది మాస్టారూ అని అడిగితే, అదంతే, బట్టీ పట్టండ్రా అనేవారు. వెడ్-నెస్-డే అని లోపల ముక్కలు చేసుకుని, పైకి వెన్స్‌డే అనేవాళ్లం. వై ముందు హల్లుంటే వై తీసేసి ఐ ఇ ఎస్ పెట్టాలి లాంటి సూత్రం ఒకటి దొరికిందంటే ఆ రోజు పండగే. ఇలాంటి పిల్లల కోసమే స్పెల్లింగుకు ఒక దారి వేసిన మనిషి నోవా వెబ్‌స్టర్. ఆయన పేరు మనకు డిక్షనరీ అట్ట మీద తెలుసు. కానీ ఆయన మొదట బడిపంతులు.

1758 అక్టోబరు 16న అమెరికాలోని కనెక్టికట్‌లో, హార్ట్‌ఫర్డ్ పక్కన ఒక రైతు ఇంట్లో పుట్టాడు. కొడుకును యేల్ కాలేజీకి పంపడానికి తండ్రి పొలం తాకట్టు పెట్టాడు. ఈ వాక్యం చదివేటప్పుడు మన బ్యాచుల్లో చాలామందికి వాళ్ల నాన్న గుర్తొస్తారు. 1778లో పట్టా వచ్చేసరికి స్వాతంత్ర్య యుద్ధం నడుస్తోంది, ఇంట్లో డబ్బు లేదు. తండ్రి ఎనిమిది డాలర్ల కాగితం చేతిలో పెట్టి, ఇక నీ బతుకు నువ్వు చూసుకోమన్నాడు. యుద్ధం వల్ల ఆ నోటు విలువ అప్పటికే బాగా పడిపోయింది. లా చదవాలన్నది కోరిక, పొట్టకూటికి దొరికింది పంతులు పని. 1781లో లాయరుగా అర్హత వచ్చినా ప్రాక్టీసు నిలబడలేదు.

అప్పటి బళ్లలో వాడింది డిల్వర్త్ అనే ఇంగ్లీషాయన రాసిన పుస్తకం. అందులో ఊళ్ల పేర్లన్నీ ఇంగ్లండువి. అమెరికా పిల్లలు వాటిని చూసింది లేదు, చూడబోయేదీ లేదు. (మనం మాత్రం? మంచు ఎలా ఉంటుందో తెలియకుండానే స్నో మీద పద్యాలు అప్పజెప్పలేదూ!) మాటలను విరిచే పద్ధతి కూడా నోటికి పొసగదు. క్లస్టర్‌ను క్లు-స్టర్ అని విరిచేవారు. చివర టి ఐ ఓ ఎన్ వస్తే రెండు ముక్కలు చేసేవారు. న్యూయార్కు రాష్ట్రంలోని గోషెన్‌లో పాఠాలు చెబుతూ వెబ్‌స్టర్ దీన్ని సరిచేయడానికి కూర్చున్నాడు. పలికేటప్పుడు ఎక్కడ ఆగుతామో అక్కడే విరిచాడు: క్లస్-టర్. టి ఐ ఓ ఎన్ మొత్తం ఒకే ముక్క, షన్. అచ్చు ఎలా పలకాలో చెప్పడానికి దాని నెత్తిన చిన్న అంకె వేశాడు. బా, బె, బి, బో, బు అని మొదలుపెట్టి, ఒక ముక్క మాటలు, రెండు ముక్కల మాటలు, మూడు ముక్కల మాటలు అని మెట్టు మెట్టుగా ఎక్కించాడు. చూస్తే మన పెద్దబాలశిక్ష వరసే.

1783లో హార్ట్‌ఫర్డ్‌లో 5,000 ప్రతులు అచ్చయ్యాయి. తర్వాత నీలి కాగితం అట్టతో వచ్చి, ఆ రంగు పేరుతోనే జనం నోట నిలిచింది. వందేళ్లలో కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయి. ఆయనకు ప్రతికి ఒక సెంటు కూడా దక్కని రోజులున్నాయి, అయినా ఇల్లు గడిచింది దాని మీదే. ఎవరుపడితే వాళ్లు అచ్చేసుకోకుండా చట్టం చేయమని రాష్ట్రం రాష్ట్రం తిరిగాడు. 1790లో దేశమంతటికీ కాపీరైటు చట్టం వచ్చింది. 1831లో గడువు పెంచమని మళ్లీ వాషింగ్టన్ వెళ్లినప్పుడు ఆయనకు 72 ఏళ్లు.

స్పెల్లింగులనే మార్చేయాలన్న పిచ్చి ఫ్రాంక్లిన్ సావాసంతో ముదిరింది. 1806 నాటి చిన్న నిఘంటువులో, 1828 నాటి పెద్ద నిఘంటువులో దాన్ని అమలు చేశాడు. మ్యూజిక్ చివరి కె, కలర్‌లోని యు తీసేశాడు. సెంటర్ చివర ఇ, ఆర్‌లను తిరగేశాడు. ఇవన్నీ ఆయన కనిపెట్టినవి కావు, అంతకుముందే ఉన్న రూపాల్లోంచి ఏరుకున్నవి. జనం ఒప్పుకున్నారు. టంగ్‌ను టి యు ఎన్ జి అని, విమెన్‌ను డబ్ల్యు ఐ ఎం ఎం ఇ ఎన్ అని రాయమంటే మాత్రం నవ్వారు. ఇంజనీరుగా నాకిది వింత కాదు. వాడకంలో ఉన్న ప్రమాణాన్ని కొంచెం జరపొచ్చు, పీకి కొత్తది పాతడం కుదరదు. ఆ కొంచెమే ఈ రోజు కంప్యూటరులో కూర్చుంది. హైదరాబాదులో వెబ్ పేజీ రాసే కుర్రాడు బడిలో యుతో నేర్చుకున్న కలర్‌ను యు లేకుండా కొట్టకపోతే రంగు రాదు.

పెద్ద నిఘంటువుకు పాతికేళ్లు పట్టింది. ఇరవైకి పైగా భాషలు నేర్చాడు. 1825 జనవరిలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో చివరి మాట రాసేసరికి చెయ్యి వణికి, కలం పక్కన పెట్టి గదిలో అటూ ఇటూ నడిచాడట. 70,000 మాటలు. అయితే మాటల పుట్టుక గురించి రాసింది చాలావరకు తప్పు. 1786లోనే కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ అక్కచెల్లెళ్లన్నాడు. 1816లో మద్రాసులో ఎల్లిస్ తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని తేల్చాడు. వెబ్‌స్టర్ మాత్రం బైబిలు కథనే పట్టుకుని అన్ని మాటలనూ ఒక్క మూలానికి లాగాడు. 1864 కూర్పులో ఒక జర్మన్ పండితుడు వాటిని మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. 1840లో రెండో కూర్పు కోసం ఇల్లు తాకట్టు పెట్టిన వెబ్‌స్టర్ దాన్ని చూడలేదు. 1843 మే 28న న్యూ హేవెన్‌లో పోయాడు. మెరియమ్ సోదరులు నిఘంటువు హక్కులు కొనుక్కున్నారు.

నిఘంటువు గొప్పదే. నా లెక్కలో మాత్రం నీలి అట్టదే పెద్ద పని. దక్షిణాది రాష్ట్రాలు చాలావాటిలో బానిసలకు చదువు చెప్పడం చట్టరీత్యా నేరం. బాల్టిమోర్‌లో బానిసగా ఉన్న ఫ్రెడరిక్ డగ్లస్‌కు యజమానురాలు అక్షరాలు మొదలుపెట్టి, భర్త కోప్పడితే మానేసింది. ఆ పిల్లవాడు వెబ్‌స్టర్ పుస్తకం జేబులో పెట్టుకుని తిరిగేవాడు, వీధిలో తెల్లపిల్లలకు రొట్టెముక్కలిచ్చి పాఠాలు చెప్పించుకునేవాడు. వెబ్‌స్టర్ బానిసత్వం తప్పని 1793లోనే రాశాడు, కానీ ముసలితనంలో దాన్ని వెంటనే రద్దు చేయమని ఉద్యమించినవాళ్లంటే ఆయనకు గిట్టేది కాదు. పుస్తకం ఆయన్ని అడిగి వెళ్లలేదు. 1865లో విడుదలైనవాళ్లలో బుకర్ టి. వాషింగ్టన్ అనే కుర్రాడున్నాడు. వాళ్లమ్మకు చదువు రాదు. ఎలాగో ఒక పాత నీలి అట్ట పుస్తకం సంపాదించి చేతిలో పెట్టింది. చుట్టుపక్కల నల్లవాళ్లలో చదవడం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు, తెల్లవాళ్లను అడగాలంటే భయం. ఎవరూ చెప్పకుండానే కొన్ని వారాల్లో అక్షరాలు చాలావరకు పట్టేశాడు. 1881లో టస్కిగీలో మొదలైన బడికి ఆయనే మొదటి హెడ్మాస్టరు.