గుడియాత్తం బాటలో వైద్యవిద్య – డాక్టర్ ఐడా స్కడ్డర్

పాలారు చెంతనున్న రాయవేలూరు పేరు వినని తెలుగు కుటుంబం అరుదు. రాయలసీమ నుండి, నెల్లూరు సీమ నుండి రోగులను వెంటబెట్టుకొని అరక్కోణం, కాట్పాడి జంక్షన్ల మీదుగా అక్కడి ఆసుపత్రికి చేరినవారు తరతరాలుగా ఉన్నారు. అంతటి ఆసుపత్రికి మూలం 1900లో ఒక బంగళాలో వేసిన ఒకే ఒక్క మంచం. ఆ మంచం వేసిన మహనీయురాలు డాక్టర్ ఐడా సోఫియా స్కడ్డర్. ఆసుపత్రి సంస్థాపకురాలిగా ఆమె కీర్తి జగద్విదితం. ప్రజారోగ్యాన్ని పల్లె బాటల మీదనే విద్యార్థినులకు బోధించిన గురువుగా ఆమె చేసిన సేవ అంతకు తక్కువది కాదు.

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించారు. ఆనాడు రాణిపేట, అరక్కోణం, వేలూరు, గుడియాత్తం, చిత్తూరు, తిరుపతి అన్నీ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. చిత్తూరు వేరు జిల్లా అయినది 1911లో. ఐడా తాత జాన్ స్కడ్డర్ 1819లోనే అమెరికా నుండి సింహళానికి వచ్చిన వైద్య మిషనరీ. తండ్రి కూడా వైద్యుడే. ధాత కరువు రోజులలో ఆకలితో అలమటించే పిల్లలను ఆమె పసితనంలోనే కళ్ళారా చూశారు. ఆ దృశ్యాలకు దూరంగా అమెరికాలో చదువుకొని అక్కడే సుఖంగా స్థిరపడాలన్నది ఆమె యౌవన సంకల్పం. తల్లి అస్వస్థత కారణంగా 1890లో తిండివనానికి రావలసివచ్చింది. తిరిగి వెళ్ళిపోవాలనే వచ్చారు.

అక్కడ ఒక రాత్రి ఆమె జీవిత గమనాన్నే మార్చివేసింది. ప్రసవవేదన పడుతున్న భార్యను కాపాడమని మొదట ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చి అర్థించాడు. తాను వైద్యురాలను కానని, తండ్రి వస్తారని ఐడా చెప్పారు. పరపురుషుడు తన భార్యను చూడరాదని అతడు వెనుదిరిగాడు. పిమ్మట ఒక ముస్లిం గృహస్థు, ఆపై మరొక హిందూ గృహస్థు అదే కోరికతో వచ్చి, అదే కారణంతో మరలిపోయారు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ మరణించారన్న వార్త వచ్చింది. ఊరిలో వైద్యుడు ఉన్నాడు, మందు ఉంది. అయినా ప్రాణాలు నిలువలేదు. రోగికీ వైద్యానికీ నడుమ ఆచారం గోడవలె నిలిచింది. వైద్యం ఉండటం వేరు, అది ప్రజలకు అందటం వేరు అన్న ప్రజారోగ్య శాస్త్ర ప్రథమ పాఠాన్ని ఆమె ఆ ఉదయం నేర్చుకున్నారు.

ఐడా అమెరికాకు వెళ్ళి, 1899లో కార్నెల్ వైద్య కళాశాల నుండి పట్టభద్రురాలయ్యారు. 1900 జనవరిలో వేలూరు చేరారు. ఆ సంవత్సరమే తండ్రి కన్నుమూశారు. అనుభవజ్ఞుని తోడు లేకుండానే రెండేళ్ళలో ఐదువేల మంది రోగులకు చికిత్స చేశారు. ఒక అమెరికన్ దాత తన భార్య స్మృత్యర్థం ఇచ్చిన పదివేల డాలర్లతో 1902లో నలభై పడకల ఆసుపత్రి వెలసింది.

అయినను ఆసుపత్రి గడప తొక్కలేనివారి సంగతి ఆమెను బాధించింది. చుట్టుపట్ల పల్లెల నుండి రోగిని మోసుకొని వచ్చేసరికి వ్యాధి ముదిరిపోయేది. ఒకనాటి కూలి పోగొట్టుకోలేక ఇంటిపట్టునే ఉండిపోయినవారు ఎందరో. రోగి రాలేకుంటే వైద్యమే వెళ్ళాలని నిశ్చయించి, మందుల పెట్టెలతో గుడియాత్తం మార్గాన ప్రయాణం సాగించారు. మొదట ఎద్దుబండి, పిదప మోటారు బండి. ఆ బండిని చూసి తొలుత భయపడిన పల్లెవాసులే క్రమంగా దానికోసం చెట్లనీడన బారులు తీరి నిరీక్షించారు. పుండ్లు, కంటిజబ్బులు, జ్వరాలు, కుష్ఠు – అన్నింటికీ ఆ చెట్టునీడయే ఆసుపత్రి.

ఎంత శ్రమించినా ఒక్కరి చేతులు ఎందరిని ఆదుకోగలవు? ఈ ప్రశ్నే ఆమెను బోధన వైపు నడిపింది. 1909లో నర్సుల శిక్షణ ప్రారంభమయింది. 1918 ఆగస్టు 12న స్త్రీల వైద్య పాఠశాల ఆరంభమయింది. ఈ దేశపు ఆడపిల్లలు వైద్యవిద్యకు ముందుకు రారని పెద్దలు సందేహించారు. తొలి సంవత్సరమే 151 దరఖాస్తులు వచ్చాయి. మొదటి వార్షిక పరీక్షకు కూర్చున్న పద్నాలుగురూ ఉత్తీర్ణులై సందేహాలకు సమాధానమిచ్చారు.

తరగతి గదిలో శరీరశాస్త్రం బోధించిన గురువే విద్యార్థినులను బాటవైద్యానికి తీసుకువెళ్ళారు. అక్కడ వారు చూసినది రోగాన్ని మాత్రమే కాదు. రోగి త్రాగే నీరు, తినే తిండి, నివసించే గుడిసె, అతనిని వెలివేసిన సమాజం – వీటన్నింటిని చూశారు. పుండుకు కట్టు కట్టడం ఒక విద్య. ఆ పుండు తిరిగి రాకుండా చూడటం మరొక విద్య. పరిమితమైన మందులను వందలాది మందికి ఎలా పంచాలి, ఎవరిని ముందు చూడాలి, ఎవరిని ఆసుపత్రికి చేర్చాలి అన్న నిర్ణయాలు ఆ చెట్లక్రిందనే అలవడ్డాయి. నేడు ఆరోగ్య నిర్వహణ అని పిలిచే శాస్త్రానికి అది తొలి బడి.

1930 దశకం చివర పెనుగండం ఎదురైంది. పట్టభద్రులను తయారుచేసే కళాశాలలకే ఇకపై గుర్తింపు అని మద్రాసు ప్రభుత్వం నిర్ణయించింది. కళాశాల స్థాయికి ఎదగకపోతే సంస్థ మూతపడక తప్పదు. డెబ్బై ఏళ్ళ వయస్సులో, ప్రపంచ యుద్ధ కాలంలో, ఐడా నిధులకై అమెరికాకు పయనమయ్యారు. పురుషులను కూడా చేర్చుకుంటేనే సంస్థ నిలుస్తుందన్న ఆలోచనను చిరకాల మిత్రులలో కొందరు తీవ్రంగా వ్యతిరేకించారు. స్త్రీల కోసమే స్థాపించిన సంస్థ కావడం వలన ఆమె మనస్సూ ఊగిసలాడింది. చివరకు సంస్థ బ్రతకడమే ముఖ్యమని అంగీకరించారు. 1942లో పట్టభద్ర స్థాయి లభించింది. 1947లో పురుషులకు ప్రవేశం కలిగింది. ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరుగా పగ్గాలు చేపట్టినది విశాఖపట్టణపు బిడ్డ డాక్టర్ హిల్డా లాజరస్ కావడం తెలుగువారికి గర్వకారణం.

1946లో పదవి వీడిన ఐడా 1960 మే 24న కొడైకెనాలులో పరమపదించారు. ఆమె తిరిగిన గుడియాత్తం మార్గంలోనే, కె.వి.కుప్పంలో, 1977లో ఆ కళాశాల గ్రామీణ ఆరోగ్య, సాంఘిక వ్యవహారాల విభాగాన్ని నెలకొల్పింది. బాటవైద్యం అలా సువ్యవస్థితమైన బోధనగా రూపొందింది. 2000లో భారత తపాలా శాఖ ఆమె స్మృతికి తపాలా బిళ్ళను వెలువరించింది.

తలుపు తట్టిన ముగ్గురికి సహాయపడలేకపోయిన యువతి, ఆ లోటు తీర్చడానికి యావజ్జీవితాన్నీ వెచ్చించారు. తాను నేర్చినది పదిమందికి నేర్పితేనే విద్య సఫలమవుతుందని ఆమె చరిత్ర చాటుతున్నది. ఈ ప్రాంతపు బడులలో ఓనమాలు దిద్దుకొనే ప్రతి బాలబాలికకూ అది స్ఫూర్తిదాయకం.