పది గోల్స్ పరాజయం.. పదేళ్లకు పసిడి

చిల్లకల్లు: జట్టు గెలిస్తే కీర్తి ఆటగాళ్లది, ఓడితే నింద శిక్షకునిది. ఫుట్‌బాల్ లోకంలో ఇది స్థిరపడిన రీతి. ఒలింపిక్స్‌లో పది గోల్స్ సమర్పించుకుని జట్టు తలవంచిన నాడు ఆ భారం మోసినవాడే పదేళ్ల తరువాత అదే దేశానికి ఆసియా స్వర్ణాన్ని అందించాడు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. చిల్లకల్లు మీదుగా పడమరకు సాగే జాతీయ రహదారి చేరుకునే హైదరాబాద్ నగరం ఒకప్పుడు కలకత్తాకు దీటుగా ఫుట్‌బాల్‌కు పట్టుగొమ్మగా నిలిచిందంటే అందుకు మూలపురుషుడు ఆయనే.

బడి నుంచి మైదానానికి..
రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఫుట్‌బాల్ ఆడారు. అనంతరం ఉపాధ్యాయ వృత్తిని చేపట్టి కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలోనూ శిక్షణ పొందారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యతలు ఆయన చేతికి వచ్చాయి. అప్పటికి జగ్గయ్యపేట మద్రాసు రాష్ట్రంలో ఉండగా, దాని ఆవల హైదరాబాద్ రాష్ట్రం మొదలయ్యేది. ఆ రాష్ట్ర రాజధాని పోలీసులు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పును కైవసం చేసుకున్నారు. కలకత్తా క్లబ్బుల ఆధిపత్యానికి ఇది గట్టి సవాలు అయింది.

అందలం.. ఆ వెంటనే అగాథం
1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం శిక్షణలోని భారత జట్టు తుదిపోరులో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఏడాది తిరగగానే పరిస్థితి తారుమారైంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 1-10తో చిత్తయింది. చలిలో, తడి మైదానంలో మనవారిలో అనేకులు బూట్లు లేకుండా బరిలోకి దిగారు. ఆ ఓటమి తరువాతే దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి.

ఓటమిని రహీం పాఠంగా స్వీకరించారు. అప్పట్లో ప్రపంచాన్ని అబ్బురపరచిన హంగరీ జట్టు ఆటతీరును పరిశీలించి దానిని మన ఆటగాళ్లకు అనువుగా మలిచారు. బంతిని కాలి వద్దే అట్టిపెట్టుకుని విన్యాసాలు చేయడాన్ని కట్టడి చేసి, వెంటనే సహచరునికి అందించే అలవాటు నేర్పారు. బలహీనమైన కాలితోనే ఆడాలనే నిబంధనతో పోటీలు నిర్వహించారు. ఈ పద్ధతులేవీ నెల రోజుల్లో ఫలించేవి కావు.

నాలుగేళ్ల నిరీక్షణ ఫలించింది
1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు సైతం రహీమే శిక్షకుడు. భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో మట్టికరిపించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ సాధించాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ చరిత్రకెక్కింది. సెమీస్‌లో యుగోస్లావియా, కాంస్య పోరులో బల్గేరియా అడ్డుపడటంతో నాలుగో స్థానం దక్కింది. 1960 రోమ్‌లో హంగరీకి 1-2తో గట్టి పోటీ ఇచ్చి ఓడిన మనవారు ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించారు. హంగరీపై గోల్ చేసిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ బిడ్డే.

లక్ష మంది నడుమ..
అసలు పరీక్ష 1962లో జకార్తాలో ఎదురైంది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తరువాతి పోరులో డిఫెండర్ జర్నైల్‌సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. దానికితోడు ఇజ్రాయెల్, తైవాన్‌లకు ప్రవేశం నిరాకరించడాన్ని భారత క్రీడా ప్రముఖుడు గురుదత్ సోంధి తప్పుపట్టడంతో స్థానికులు ఆగ్రహించారు. భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. సెప్టెంబరు 4న తుదిపోరు నాడు దాదాపు లక్ష మంది ప్రేక్షకులు మనవారికి వ్యతిరేకంగా కేకలు వేశారు. రహీం గాయపడిన జర్నైల్‌ను ముందు వరుసకు మార్చారు. పి.కె.బెనర్జీ ఒక గోల్, జర్నైల్ మరో గోల్ చేశారు. తొలి మ్యాచ్‌లో ఓడించిన కొరియాపైనే 2-1తో గెలిచి భారత్ స్వర్ణం సాధించింది.

జకార్తా విజయం తరువాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం దక్కలేదు.

నేడు ఓపిక కరవు
ఇంగ్లండ్‌లో శిక్షకుణ్ని మేనేజర్ అంటారు. అక్కడ యజమానులు, అభిమానులు, టీవీ సంస్థలు ప్రతివారం ఫలితం కోరుతాయి. 2016లో లీసెస్టర్ జట్టుకు అనూహ్యంగా ఇంగ్లండ్ లీగ్ టైటిల్ సాధించిపెట్టిన క్లాడియో రనియేరీని ఏడాది తిరగకముందే, 2017 ఫిబ్రవరిలో, సాగనంపారు. మన దేశంలోనూ అదే వరుస. జాతీయ జట్టు శిక్షకుడు ఇగోర్ స్టిమాచ్‌ను 2024 జూన్‌లో తొలగించారు. హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022లో ఐఎస్ఎల్ టైటిల్ అందించిన మనోలో మార్క్వెజ్ ఆ స్థానంలోకి వచ్చి ఏడాదికే వైదొలిగారు. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్‌ను నియమించారు. పధ్నాలుగు నెలల వ్యవధిలో ఆ కుర్చీ ముగ్గురిని చూసింది.

రహీం జీవితం ఆధారంగా 2024లో హిందీలో మైదాన్ చిత్రం వచ్చింది. ఆయన పేరు కొత్త తరానికి తెలిసింది. అయితే 1952 పరాజయం నాడే ఆయనను పక్కనపెట్టి ఉంటే 1956, 1962 విజయాలు ఆయన చేతుల మీదుగా వచ్చేవి కావు. ఈ సంగతి క్రీడా సంఘాలకే కాదు, అంతర పాఠశాలల పోటీల్లో ఒక్క మ్యాచ్ ఓడగానే వ్యాయామ ఉపాధ్యాయునిపై విరుచుకుపడే ఊళ్లకూ వర్తిస్తుంది.