అమ్మ నోట్లో ఆ పాట ఎవులు పెట్టినారు?

రేత్రి ఎనిమిదయ్యీసరికి మన శ్రీకాకుళం, ఇజీనారం ఊళ్లల్లో కిరస్తానీ ఇళ్లకాడ ఒక పాట వినిపిస్తాది. తల్లి చాప పరిచి, గుంటల్ని కూకోబెడతాది. ఫోను పక్కనెట్టమంటాది. సిన్నోడు నిద్రకి తూలిపోతంటే ఒళ్లో ఏసుకునీసి పాట ఎత్తుకుంటాది. పుస్తకం తియ్యదు. పల్లవీ, చరణాలూ అన్నీ నోటికే వచ్చు. ఎక్కడ నేర్సుకున్నావమ్మా అంటే మాయమ్మ దగ్గిర అంటాది. ఆవిడెక్కడ నేర్సుకున్నాదంటే ఆళ్లమ్మ దగ్గిర.

అలగ ఎనక్కి ఎల్లిపోతే, ఆ పాటల్లో శానా వరకూ ఒక మనిషి దగ్గిర తేల్తాయి. ఆయన మనోడే. పేరు పురుషోత్తమ చౌదరి.

1803 సెప్టెంబరు 5న పర్లాకిమిడి దగ్గిర మదనాపురంలో పుట్టినాడు. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్రాదేవి. బెంగాలు నించి వచ్చి ఇక్కడ నిలబడిపోయిన బ్రామ్మల కుటుంబం. ఇప్పుడంటే పర్లాకిమిడి ఒడిశాలో ఉంది గాని, ఆ గీత గీసింది 1936లో. అప్పుడు పర్లాకిమిడీ, శ్రీకాకుళం అన్నీ మద్రాసు దొరల చేతికింద గంజాం జిల్లాయే. అందుకే ఆ పిల్లోడికి తెలుగూ వచ్చినాది, ఒడియా వచ్చినాది, సంస్కృతమూ వచ్చినాది. పెద్దయినాక రాధామణి అనే అమ్మాయితో పెళ్లయినాది.

ఆ రోజుల్లోనే కొత్త పుస్తకాలు తిరుగుతున్నాయి. లండన్ మిషను దొరలు 1805లో ఇశాపట్నం దిగినారు. 1818లో తెలుగు కొత్త నిబంధన మద్రాసులో అచ్చయినాది. సిన్న సిన్న కరపత్రాలు చేతులు మారతా ఊళ్లలోకి వచ్చీసినాయి. అవి చౌదరి చేతిలోనూ పడ్డాయి. శ్రీకాకుళంలో హెలెన్ నాట్ అనే దొరసాని ఉండీది. ఆవిడితో పరిచయం అయినాక ఆయన తోవే మారిపోనాది. జందెం ఒగ్గీసినాడు. 1833 అక్టోబరు 6న కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్లు.

ఇక్కడిదాకా కథ అందరూ సెప్తారు. మరి రాధామణి మాటేటి?

ఆవిడ ఎనకాలే వచ్చీలేదు. ఒక్కపాలి ఆవిడ వైపు నించి సూడండి. ఆ కాలంలో బ్రామ్మల ఇంట్లో మొగుడు కులం ఒగ్గీసినాడంటే సుట్టాల లెక్కలో సచ్చిపోయినట్టే. అతనితో ఎల్తే కన్నోరి గడప ఇంక తొక్కలేదు. నుయ్యి దగ్గిరకి రానివ్వరు, పెళ్లీ పేరంటానికి పిలవరు. ఎల్లకపోతే మొగుడు బతికుండగానే మొగుడు లేని బతుకు. మొగోడు నమ్మకం మార్సుకుంటే ఇంటిల్లిపాదీ మారిపోయినట్టే అనుకుంటాం గాని, ఆడమనిషి అన్నీ వదులుకొని రావాలి. రాధామణికి టైం పట్టింది. తరవాత వచ్చినాది.

వచ్చినాక ఏటి? బ్రామ్మల ఇంట్లో పొద్దున్న లేస్తే ఏటి సెయ్యాలో అత్త సెప్తాది, అమ్మ సెప్తాది. దీపం ఎప్పుడు ఎట్టాలి, ఏ పండక్కి ఏటి వండాలి, ఉయ్యాల్లో పిల్లకి ఏ పాట పాడాలి, అన్నీ తయారుగా ఉంటాయి. ఈ కొత్త ఇంటికి అత్త లేదు, ఆనవాయితీ లేదు. ఏ పూట ప్రార్థన, గుంటలకి ఏ కథ, ఏ పేరు, పక్కింటోళ్లు అడిగితే ఏ జవాబు, ప్రతీదీ ఆలోసించి ఎట్టుకోవాల్సిందే. మనూళ్లల్లో మొదటి తరం కిరస్తానీ తల్లులందరి పనీ అదే. గాలికి పెరిగిన నమ్మకం కాదు అది. దినం దినం నీళ్లు పోసి పెంచిన మొక్క.

ఆ తల్లులకి చౌదరి ఇచ్చినది పాట. ఇంగ్లీసు బాణీకి తెలుగు మాటలు అతికిస్తే మన నోరు తిరగదు. ఆయన అలగ సెయ్యలేదు. పల్లవి, చరణం, రాగం, తాళం, మన కీర్తన కట్టుబాటులోనే రాసినాడు. అటు తంజావూరు సీమలో త్యాగరాజు కీర్తనలు కడతన్న కాలమే అది. చౌదరి రాసినవి దగ్గిర దగ్గిర 130 కీర్తనలు. ఇప్పటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో, లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. అని తేడా లేకుండా పాడతారు.

అప్పట్లో మన ఆడోళ్లకి అక్షరం ముక్క రాదు. బైబిలు తెలుగులో అచ్చయినా ఆళ్లకి మూసిన తలుపే. పాటకి తలుపు లేదు. ఊడుపు ఊడుస్తా పాడుకోవచ్చు, పిండి రుబ్బుతా పాడుకోవచ్చు, జొరం వచ్చిన పిల్ల మంచం పక్కన కూకోని పాడుకోవచ్చు. సదువు రాని తల్లి కూడా పిల్లలకి గురువైపోనాది.

పాటలతోనే ఆగలేదాయన. బరంపురం, ఇశాపట్నం, శ్రీకాకుళం తిరిగి బోధ సెప్పినాడు. పాస్టరు పని సేసినాడు. నిస్తార రత్నాకరం రాసినాడు. కులం మీద కులాచార పరీక్ష అని పుస్తకం రాసినాడు. పై కులంలో పుట్టినోడు కులాన్నే ప్రశ్న అడగడం అప్పుడు సిన్న మాట కాదు. 1870ల్లో కెనడా బాప్టిస్టు మిషనోళ్లు శ్రీకాకుళం, బొబ్బిలి వచ్చీసరికి ఆయన ముసిలోడైపోనాడు. 1890 ఆగస్టు 24న, 86 ఏళ్ల వయసులో కన్ను మూసినాడు. అప్పటికే ఆయన పాట తెలుగునేల మీద మాల పేటల్లోకి, మాదిగ పేటల్లోకి ఎల్లిపోనాది. బ్రామ్మడు కట్టిన కీర్తన, గుడి గడప తొక్కనివ్వని మనిషి నోట్లో. ఆ రోజుల్లో ఇది ఎంత పెద్ద ఇసయమో ఊహించుకోండి.

ఇప్పుడు మన సంగతి సూసుకుందుము. ఆదివారం ఆ కీర్తనే పాడి, సోమవారం సంబంధం వస్తే మొదట అడిగేది ఏటి? ఏ కులం అనే కదా. చర్చికెళ్లే ఇంట్లోనూ అదే ప్రశ్న. రాధామణి దాటొచ్చిన గీత రెండొందలేళ్లు కావస్తన్నా మనం దాటలేకపోతన్నాం. దీనికి తల్లుల్ని ఒక్కళ్లనే అంటే తప్పు. పిల్లలకి పాట నేర్పే పనీ, మంచీసెడ్డా సెప్పే పనీ అంతా అమ్మ మీద ఒగ్గీసి మనం ఫోను సూసుకుంటన్నాం.

పుస్తకంలో కీర్తన దగ్గిర చౌదరి పేరు ఉంటాది. రాధామణి పేరు ఉండదు, మీ అమ్మమ్మ పేరూ ఉండదు. కానీ పాట మనదాకా వచ్చింది ఆళ్ల నోటి మీదే. మీది ఏ మతమైనా సరే, ఈ రేత్రి మీ ఇంట్లో పెద్దావిడ్ని ఒక పాట పాడమనండి. ఎవులు నేర్పినారో, అప్పుడు ఆవిడికి ఎన్నేళ్లో అడగండి. ఆ సెప్పినది రాసుకోండి.